కుక్కపిల్లల ఫ్రిజ్

మాస్టారు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చునేది కాఫీ కోసం కాదు, అల్లుడి తమాషా చూడ్డానికి. ఏళ్ల తరబడి కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక, వేళాకోళం చెయ్యడానికి ఆయనకు మిగిలిన విద్యార్థి ఆ ఒక్కడే.

అల్లుడు పెరట్లో రేకుల షెడ్డు వేసి జాతి కుక్కపిల్లల్ని పెంచి అమ్ముతాడు. వాటి టీకా మందులకని షెడ్డులో చిన్న ఫ్రిజ్ ఒకటుంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి మాస్టారు అందులో మంచినీళ్ల సీసా పెడితే, అల్లుడు పల్లెత్తు మాట అనకుండా దాన్ని తీసుకొచ్చి వంటింట్లో పెట్టాడు. ఆ మౌనాన్ని మాస్టారు ఇంతవరకూ క్షమించలేదు.

పశువుల డాక్టరు వచ్చే రోజైతే చెప్పనక్కర్లేదు. పిల్లల్ని తుడవడం, ముక్కులు తడిమి చూడటం, తిండి ముట్టని దాన్ని విడిగా పెట్టడం. ఇంత హడావిడి చేసే మనిషి కన్నకూతురికి తొమ్మిదో నెలలో పడాల్సిన తట్టు టీకాను మాత్రం వాయిదా మీద వాయిదా వేస్తున్నాడు. పళ్లొస్తున్నాయన్నాడు. ఎండలన్నాడు. ఫోన్లో ఎవడో మహానుభావుడు చెప్పింది విన్నానన్నాడు. చిట్టికి ఏడాది నిండవస్తోంది.

చదువు అబ్బకపోతే పోయింది, చదువుకున్నవాళ్ల మాట వినే బుద్ధయినా అబ్బాలి కదా అని మాస్టారు కూతురి దగ్గర రోజుకో రకంగా దెప్పేవారు. అల్లుడికి 'డాక్టరుగారు' అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు గట్టిగా పిలిచేవారు, షెడ్డు దాకా వినబడేలా.

ఒకరోజు పొద్దున రెండిళ్ల అవతల పసిపిల్లకు తట్టు పోసిందని తెలిసింది. కళ్లద్దాల షాపులో పనిచేసే కూతురు సెలవు పెట్టేసి, చిట్టికి బట్టలు మార్చి హెల్త్ సెంటరుకు బయల్దేరింది. అల్లుడు అడ్డంగా నిలబడ్డాడు. ముక్కు కాస్త కారుతోందిట, వచ్చే వారం చూద్దామట. ఆమె ఏదో అనబోయేంతలో కుక్కపిల్ల కావాలని ఒకావిడ గేటు తీసుకుని వచ్చింది. ఆవిడ మొదటి ప్రశ్నే టీకాల గురించి.

"అన్నీ వేయించానండీ. అవి పడకుండా ఏ పిల్లనీ గేటు దాటనివ్వను" అన్నాడు అల్లుడు.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు.

"నిక్షేపంగా నమ్మొచ్చమ్మా. కుక్కల విషయంలో మా డాక్టరుగారు అబద్ధమాడరు. మా మనవరాలికే, పాపం, తోక లేకపోయింది."

ఆవిడ ఫక్కున నవ్వింది. అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడకు చూపిస్తున్న కుక్కపిల్లను గంపలో దించి షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆవిడ మళ్లీ వస్తానని వెళ్లింది.

మాస్టారు మెచ్చుకోలు కోసం కూతురి వైపు చూశారు. ఆమె మొహం గంటుపెట్టుకుని ఉంది.

"బాగా తగిలింది నాన్నా. ఇంక ఆయన ఇంకో నెల బిగుసుకుంటారు. పాపకి టీకా వేయించడం ముఖ్యమా, ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం ముఖ్యమా? ఏదో ఒకటి తేల్చుకోండి."

మాస్టారు లేచి షెడ్డు వైపు నడిచారు. క్షమాపణకు కాదు. ఇంకో మాట నోటిదాకా వచ్చి ఆగింది, దాన్ని అప్పజెప్పేసి వద్దామని.

అల్లుడు ఫ్రిజ్ పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. తల్లికుక్క అతని మోకాలి మీద మూతి ఆనించి పడుకుంది. దాని కింద పరిచింది చిట్టి పాత దుప్పటి. ఉతికి, చిరుగు కుట్టి ఉంది.

అతను తలెత్తకుండానే మాట్లాడాడు. మొదటి ఈతలో ఒక పిల్ల తిండి ముట్టలేదట. డాక్టరెందుకులే అని టీకా సూది తనే వేశాడట. మర్నాడు అది చేతుల్లోనే పోయింది. దానికి జబ్బు ముందే అంటుకుందని, సూది వల్ల పోలేదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ తర్వాత అతను సూది పట్టుకోలేదు.

"బుర్రకి తెలుసు మామయ్యగారూ. కానీ పోయినసారి టీకా వేశాక చిట్టికి జ్వరమొచ్చింది కదా. నా ఒళ్లో పడుకుని, కళ్లు సగం మూసింది. సరిగ్గా ఆ కుక్కపిల్లలాగే. మీరు కుర్చీలో కూర్చుని జ్వరం మామూలేనని పాఠం చెప్తున్నారు. నాకు చేతులు ఆడలేదు. ఈ మాట చెప్తే మీరు ఏమంటారో నాకు తెలుసు. అందుకే ఎవడో ఫోన్లో చెప్పాడన్నాను."

ఏమనేవారో మాస్టారికీ తెలుసు. పసిబిడ్డకీ కుక్కపిల్లకీ తేడా తెలియని డాక్టరుగారు అని, పోయేదాకా అంటూనే ఉండేవారు. నోటిదాకా వచ్చిన మాట గొంతులోనే చేదుగా కరిగిపోయింది.

"లే అబ్బాయ్" అన్నారు. ఆ పిలుపు ఆయనకే కొత్తగా ఉంది. "అందరం వెళ్దాం. పాపని నువ్వే ఎత్తుకో. నీ అనుమానాలన్నీ ఆ నర్సమ్మనే అడుగు. నేను నోరు మూసుకుంటాను."

"మూసుకోగలరా?" అన్నాడు అల్లుడు.

హెల్త్ సెంటరులో నర్సు చిట్టికి జ్వరం లేదని చూసి, కాస్త ముక్కు కారితే టీకా ఆపక్కర్లేదంది. అల్లుడు అడిగిందే అడిగాడు. జ్వరం ఎప్పుడు రావచ్చు, పిల్ల డీలాపడితే ఏం చెయ్యాలి. ఈ టీకాకి వారం దాటాక కూడా జ్వరం రావచ్చని, ఏం మందు ఎంత వెయ్యాలో, ఎలా ఉంటే వెంటనే తీసుకురావాలో ఆమె విసుక్కోకుండా చెప్పింది. వెనక వరసలో ఒకాయన, ఇంత పిరికివాళ్లు పిల్లల్నెందుకు కంటారో అని గొణిగాడు.

మాస్టారు నోరు మూసుకోలేకపోయారు.

"భయపడుతూనే తీసుకొచ్చాడండీ. అడగనివ్వండి."

సూది పడింది. చిట్టి కేరుమంది. అల్లుడు దాన్ని గుండెకు అదుముకుని, దానికంటే ఎక్కువసేపు ఏడ్చాడు. కాసేపు ఉండి వెళ్లమన్నారని అందరూ బయట బల్లమీద కూర్చున్నారు.

"మీరు పట్టుకోండి మామయ్యగారూ, నా చేతులు వణుకుతున్నాయి."

మాస్టారు చేతులు చాచారు. అవీ వణుకుతున్నాయి. అల్లుడు అది చూశాడు. ఎన్నాళ్ల బాకీయో తీర్చుకోవడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. అతను ఒక్క మాటా అనలేదు. చిట్టిని మామగారి ఒళ్లో పెట్టి, కింద తన చెయ్యి అలాగే ఆనించి ఉంచాడు.

ఈసారి ఆ మౌనం మాస్టారికి అర్థమైంది. మసకబారిన కళ్లద్దాలు తీసి తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. కూతురే తీసి, తన కొంగుతో తుడిచి పెట్టింది.