బరువులేని కేబుల్

"చార్జింగ్ ఇంజనీరుని చంపేశారు," అన్నాడు చీఫ్, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ. "ఇవాళ బ్యాటరీ విమానం తొలి ప్రయాణం. చార్జర్ దగ్గరే దాన్ని తగలబెడతారు."

"ఎవరు?"

"విదేశీ ముఠా. మన చార్జర్ కాలితే వాళ్ల చార్జర్ అమ్ముడుపోతుంది."

ఏజెంటుకి ఒళ్లు కంపరమెత్తింది. సరుకు అమ్ముకోడానికి మనుషుల్ని కాలుస్తారా? పైగా ఆ విమానం కెప్టెన్ అతని సొంత చెల్లెలు.

"ముఠాలో మన మనిషి ఒకతె ఉంది. నెమలి అంటాం. కళ్లు మూసుకుని నమ్ము," అని చీఫ్ ఆ పుల్లని నేలమీదే పారేశాడు.

ఏజెంటు పెట్టుడు గడ్డం, క్రూ యూనిఫాంతో ఎయిర్‌పోర్టులో దిగాడు. క్రూ మేస్త్రీ అతనికి చార్జింగ్ కేబుల్ చూపించాడు.

"ఇద్దరం కలిసి ఎత్తాలి బాబూ. లోపలంతా వేడెక్కకుండా చల్లబరిచే కూలెంటే. అది లేకుండా ఫుల్ పవర్ ఇచ్చామా, కొరివే!"

ట్రయల్ కోసం రెండుసార్లు మోసేసరికి ఏజెంటు భుజం వాచిపోయింది. చార్జింగప్పుడు విమానంలో ఎవరూ ఉండకూడదని రూలు. కానీ ఫొటోల కోసమని పెద్దలు అప్పుడే ప్రయాణికుల్ని ఎక్కించేశారు. మేస్త్రీ మొత్తుకుంటే "నీ పని చూసుకో" అన్నారు. అతను మెట్ల దగ్గరికెళ్లి ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

ఇంజనీరు కోటు వేసుకుని, సెంటు ఘుమఘుమలతో ఒక అందగత్తె వచ్చింది.

"ఎండ మండిపోతోంది."

"గొడుగు తెచ్చా," అన్నాడు ఏజెంటు. కోడ్ సరిపోయింది.

"హంతకుణ్ణి పట్టేశాం. ఇక భయం లేదు," అంటూ నెమలి కేబుల్ అందుకుంది.

"సాయం పట్టనా?"

"అక్కర్లేదు." ఒంటిచేత్తో ఎత్తి విమానానికి తగిలించి స్విచ్ వేసింది. స్క్రీన్ మీద కూలెంట్ నార్మల్ అని పచ్చగా వెలుగుతోంది. పవర్ పెరుగుతోంది.

ఏజెంటు భుజం తడుముకున్నాడు. ఇద్దరు మోయాల్సింది ఈవిడ చీపురులా ఎత్తేసిందేమిటి? లోపల కూలెంట్ లేదు!

పవర్ ఆపే ఎర్ర బటన్ మీదికి దూకాడు. ఆమె లిప్‌స్టిక్ తీసి గురిపెట్టింది. తూటా అతని చెవి పక్కనుంచి పోయింది. అతను బటన్ మీద పిడికిలితో గుద్దాడు. పవర్ పోయింది. అప్పటికే కేబుల్ తోలు బుడగలెత్తి కంపు కొడుతోంది. ఇంకొక్క సెకనైతే మంట రెక్కకి అంటుకునేది.

ఆమె చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. "ఇంజనీరుని చంపింది నువ్వేనా?"

"అడ్డొచ్చాడు. అబ్బా, నా గోరు విరిగింది!"

"థూ!" అన్నాడు ఏజెంటు.

చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "ఆవిడ మన మనిషయ్యా, కాస్త మర్యాద!" ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఏజెంటు రిసీవర్ పీకి పారేశాడు.

నెమలిని వ్యాన్ ఎక్కిస్తుండగా చెల్లెలు ఫోన్ చేసింది. అన్నయ్య వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడనే ఆమె నమ్మకం.

"తొలి ప్రయాణం ఆగిపోయిందన్నయ్యా! ఎవడో గడ్డం వెధవ స్టాప్ బటన్ నొక్కేశాడు!"

ఏజెంటు గడ్డం పీకి జేబులో కుక్కుకున్నాడు.

"అలాంటి వెధవల్ని చెప్పుచ్చుకు కొట్టాలమ్మా."