ముందు విమానం కనిపించిందా?

అడగడం నేరమెలా అవుతుంది, అనుకుంటున్నాడు అన్సెల్మో. రోజూ అడిగే ప్రశ్నేగా. ‘ముందు విమానం కనిపించిందా?’ పైలట్ కనిపించిందంటే చాలు, దాని వెనక ఎంత దూరంలో ఉండాలన్నది ఆ క్షణం నుంచి పైలట్ బాధ్యత. కంట్రోలర్ చేతికి మట్టంటదు.

మనీలా కంట్రోల్ రూమ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న అన్సెల్మో అసలు ఇంటెలిజెన్స్ ఏజెంట్. అతన్ని కొనేశామనుకుంటోంది ఒక విదేశీ ముఠా. ఆ ముఠా మీద సాక్ష్యం చెప్పబోయే మనిషి చిన్న జెట్‌లో వచ్చి దిగుతున్నాడు. దాని ముందు రెండంతస్తుల భారీ విమానం. ఆ రెక్కల వెనక గాలి కంటికి కనపడని సుడులు తిరుగుతూ కిందికి జారుతుంది. చిన్న జెట్ అందులో చిక్కితే బోర్లాపడుతుంది. బాంబు అక్కర్లేదు, అన్సెల్మో ఆ ప్రశ్న అడిగితే చాలంది ముఠా.

పొద్దున ఇంటెలిజెన్స్ చీఫ్ చెప్పాడు. "నువ్వు అడుగు. అడక్కపోతే ముఠాకి అనుమానమొస్తుంది. పైలట్ కనపడలేదంటాడు, అప్పుడు దూరం నువ్వే ఉంచొచ్చు. లిగాయా అతనికి ముందే చెప్పి ఉంచుతుంది."

లిగాయా ఇక్కడ సూపర్‌వైజర్. ముఠా మనిషిగా నటిస్తున్న తమ ఏజెంట్. ముత్యాల చెవిపోగులు ఊగుతుండగా వచ్చి, తురోన్ ప్లేటు, వేడివేడి అరటిపండు వేపుడు చుట్టలు, అతని ముందు పెట్టింది.

"మొహం అలా వేలాడేశావేంటి కూయా? దిగేది మీ అత్తగారా?" కూయా అంటే అక్కడ అన్నయ్య.

"పైలట్‌కి చెప్పావా?" గొంతు తగ్గించి అడిగాడు.

"చెప్పాన్లే. నువ్వు కానీ."

అన్సెల్మో ప్రశ్న అడిగాడు.

"చూశా సార్," పైలట్ హుషారుగా అన్నాడు. "అంత తిమింగలం కనపడకుండా పోతుందా?"

లిగాయా పైలట్‌కి చెప్పనేలేదు. ఆమె ఇన్నాళ్ళూ నటించింది తమ దగ్గరే.

అతనికి ముందు కలిగింది భయం కాదు, ఊరట. ఇక బాధ్యత తనది కాదు. రేపు విచారణలో టేపు వేస్తే పైలట్ గొంతే వినపడుతుంది. ఆ ఊరట ఎంత హాయిగా ఉందో గమనించాడు. ముఠా తనలో ఏం చూసి బేరమాడిందో అప్పుడర్థమైంది.

తెర మీద చిన్న చుక్క పెద్ద చుక్కకి దగ్గరవుతోంది. భుజం మీద లిగాయా చెయ్యి పడింది.

"నీ పనైపోయింది కూయా. తిను, చల్లారిపోతోంది."

అన్సెల్మో మైకు స్విచ్ నొక్కి చిన్న జెట్‌ని పిలిచాడు. "తమరావ్ ఏడు, దిగొద్దు. వెంటనే ఎడమకు తిరిగి పైకి లే. ముందు సుడిగాలి ఉంది."

చిన్న చుక్క ఒక్క క్షణం ఆగినట్టనిపించి, ఎడమకు తిరిగింది. భుజం మీది చెయ్యి జారిపోయింది.

"అదేంటి సార్, చూశానన్నాగా?" పైలట్ సణిగాడు.

"నాకు వినపడలేదు," అని, తురోన్ ప్లేటుని అన్సెల్మో లిగాయా వైపు జరిపాడు.