నాలుగో అడ్డవీధి గాలికంబం

ఆ ఉదయం కూడా నాలుగో అడ్డవీధిలోని బండ్లన్నీ వాటంతటవే ఒకసారి గుర్రుమని, తమ పొగ లెక్క తామే అప్పజెప్పి, మళ్లీ నిద్రపోయాయి. ప్రతి గేటు మీదా పచ్చదీపం వెలిగింది. అంటే అన్నీ శుభ్రమే. వీధి చివర, గాలిలో పొగను కొలిచే గాలికంబం మాత్రం ఎర్రగా ఉంది.

బండ్లన్నీ శుభ్రమైతే గాలికి ఏమొచ్చింది? వారం రోజులుగా వీధిని పీక్కుతింటున్న ప్రశ్న ఇదే. ఎవరో అబద్ధమాడుతున్నారు. ఎవరన్నది తేలక, పొద్దున్నే పాలకు వెళ్లేవాళ్లు కూడా పక్కవాడి బండి వెనక్కి ఓ చూపు విసిరి మరీ వెళ్తున్నారు.

బ్యాటరీలకు కావలసిన ఖనిజాలు అడుగంటిపోయి, వాహనాలన్నీ గడ్డి నుంచి పిండిన సారనూనె మీద నడుస్తున్న కాలమది. నూనె మండినంత కాలం పొగ తప్పదు కనుక గాలిమండలి విశాఖలో ఇంతకు మించి పొగ వదలరాదని ప్రతి వీధికీ ఒక గాలివాటా కట్టింది. ప్రతి బండికీ రెండు పొగముక్కులు బిగించింది. పొగను కడిగే జల్లెడకు ముందు ఒకటి, వెనుక ఒకటి. ముందు ముక్కు చెప్పినట్టు ఇంజను నూనె పోసుకుంటుంది. వెనుక ముక్కు జల్లెడ పని చేస్తోందో లేదో మండలికి చాడీలు చెబుతుంది. వీధి వాటా దాటితే శిక్ష ఒక్కరికి కాదు, వీధికంతటికీ. ఇరుగుపొరుగులు ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారని మండలి ఆలోచన. ఆ ఒక్క విషయంలో మండలి లెక్క అక్షరాలా నిజమైంది.

భాగ్యవతి హైస్కూలులో సైన్సు టీచరు. ఏడాదిగా వీధిలో అందరికంటే శుభ్రమైన బండి ఆమెదే అని కంబం రోజూ చాటింపు వేస్తుండటంతో, వీధివాళ్లు ఆమెను గాలిపెద్దగా కూర్చోబెట్టారు. ఆ గౌరవం ఆమెకు ఇష్టమే. ఇష్టమని పైకి ఒప్పుకోదు, అంతే.

ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని పిట్టగోడ దగ్గరకు వెళ్లింది. అవతల పక్కింటి దేముడు తన పాత బండి కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. రోగులను ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే బండి అది. అదే అతని బతుకు.

"దేముడూ, కాఫీ."

అతను బయటికి పాక్కుంటూ వచ్చి, నూనె చేతులు లుంగీకి తుడుచుకుని, గ్లాసు అందుకుని గుటుక్కున తాగేశాడు. పదేళ్లుగా అంతే. వేడిగా ఉందా, చక్కెర ఉందా అని ఏనాడూ చూసి ఎరగడు.

"నీ చేతి కాఫీ పడితేగాని నాకు తెల్లారదప్పా," అన్నాడు నవ్వుతూ. అక్క వరస కలిపి ఆమెను అప్పా అనే పిలుస్తాడు.

ఎప్పుడూ నవ్వే భాగ్యవతి ఈసారి నవ్వలేదు. అతని బండి వెనుక, నంబరు పలక పక్కనున్న ముక్కుగూడు వైపు చూస్తోంది. ఎవరైనా తనిఖీ చేసుకునేందుకు వీలుగా ముక్కు తల బయటికే కనబడాలన్నది చట్టం. దేముడి ముక్కు చుట్టూ నల్లటి గ్రీజు మరక ఉంది.

"ఆ మరకేమిటి?"

"సేతులంటుకున్నాయప్పా. జల్లెడ వదులైపోతే బిగించినాను."

"మండలి మనిషిని పిలవకుండా నువ్వే బిగించావా?"

"ఆళ్లు వచ్చేసరికి నా రోగులు వార్డులోనే మకాం పెట్టీగలరు," అన్నాడు దేముడు.

మాట సరదాగానే ఉంది. అయినా భాగ్యవతి మనసులో ముల్లు దిగింది. ముక్కు మీద చెయ్యి వేసేవాడు ముక్కును మాయ చేయలేడా?

వెనక్కి తిరిగేసరికి భర్త జగ్గారావు తమ బండి దగ్గర నిలబడి, అడుగుకు దిగిన నూనె ముల్లు చూపించాడు. "మన బండి ఈమధ్య నూనె తాగడం లేదే, స్నానం చేస్తోంది."

"పచ్చదీపం వెలుగుతోంది కదా, ఇంకేం కావాలి? ఆ దేముడి సంగతి చూడండి ముందు," అంది ఆమె.

సాయంత్రం కంబం కింద సభ జరిగింది. కంబానికీ ముక్కులకూ లెక్క కుదరనప్పుడు ‘పేరెత్తు’ తప్పదు. వీధివాళ్లే చేతులెత్తి ఒక బండి పేరు చెప్పాలి. చెప్పకపోతే అన్ని బండ్లూ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. పేరెత్తిన బండిని మండలి తన బందెలదొడ్డికి తోలుకుపోతుంది. అది పోయాక గాలి బాగుపడితే నేరం రుజువైనట్టు, ఆదివారం ఆ బండి తుక్కుగా నలిగిపోతుంది. గాలి బాగుపడకపోతే బండి తిరిగొస్తుంది, ఇంకో పేరు ఎత్తాలి.

"ముక్కునెవడో మాయ సేస్తన్నాడు. ఎలగో మీరే సెప్పాల టీచరుగారూ," అన్నాడు ఎదురింటి సన్యాసిరావు.

భాగ్యవతి క్లాసులో చెప్పినట్టే చెప్పింది. "పొగముక్కు తనంతట తాను ఏదీ కనిపెట్టలేదు. దానికి పోల్చుకోవడం ఒక్కటే తెలుసు. లోపలి వైపు నుంచి పొగను చూస్తుంది. బయటి తలకు సన్నని బెజ్జం ఉంటుంది, అందులోంచి మంచి గాలిని చూస్తుంది. రెంటికీ తేడా ఎంత ఉంటే పొగ అంత మురికి అంటుంది. ఆ బెజ్జం మూసుకుపోయిందనుకోండి, దానికి మంచి గాలి అంటే ఏమిటో మరుపొస్తుంది. ఇటూ అటూ ఒకేలా కనబడతాయి. తేడా లేదు కనుక అంతా శుభ్రం అని చెప్పేస్తుంది. పొగ అంత శుభ్రంగా ఉందంటే నూనె చాలడం లేదనుకుని ఇంజను ఇంకా పోసుకుంటుంది. పొగ పెరుగుతుంది, పచ్చదీపం మాత్రం పచ్చగానే ఉంటుంది."

"బెజ్జం మూయడానికేటి కావాల?"

"ఏదైనా చాలు. కాస్త గ్రీజు చాలు," అంది భాగ్యవతి.

అందరి తలలూ ఒకేసారి దేముడి వైపు తిరిగాయి.

దేముడు మొదట నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. "అప్పా, నాకేసి సూసి సెప్పు. నాను దొంగనా? మరక పక్కనుంది గాని బెజ్జం మీద లేదు. రండి, సూడండి."

"ఈపాటికి తుడిచీసుంటావు," అన్నాడు సన్యాసిరావు.

ఎవరూ చూడటానికి వెళ్లలేదు. భాగ్యవతి వెళ్లాల్సింది. గాలిపెద్దగా అది ఆమె పని. కానీ మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది, అయిపోయిన తీర్పును మళ్లీ తెరవడం టీచర్లకు అంత తేలిక కాదు. అందరికంటే ముందు చెయ్యి ఎత్తింది ఆమే.

మండలి లాగుడుబండి వచ్చి దేముడి బండిని కట్టుకుని పోతుంటే, అతని భార్య నూకాలు గుమ్మంలో నిలబడి ఒక్కటే మాట అంది. "రేపు పొద్దున్న సూది మందుకెల్లాల్సిన మనుషులకి ఏటని సెప్పాలి?" ఆ మాట ఎవరిని అడిగిందో అందరికీ తెలుసు.

మర్నాడు శుక్రవారం. వీధిలో ఒక ఆచారం ఏర్పడి కొన్నేళ్లయింది. బండి ఉంటుందా పోతుందా అన్నది ముక్కు మాట మీద ఆధారపడ్డాక, ఆడవాళ్లు శుక్రవారం గడపకు బొట్లు పెట్టే చేత్తోనే బండి ముక్కులకూ పెట్టడం మొదలుపెట్టారు. చాలామంది చట్రం మీద ఒక చుక్కతో సరిపెట్టేవాళ్లు. భాగ్యవతికి ఏ పనైనా శ్రద్ధగా చేయడం అలవాటు. ముందు బానెట్ ఎత్తి ముందు ముక్కుకి, తర్వాత గూడులోకి వేలు పెట్టి వెనుక ముక్కుకి, తల నిండా తడి పసుపు రాసి మధ్యలో కుంకుమ అద్దేది. సైన్సు బడిలో, బొట్టు ఇంట్లో. రెండూ ఎదురుపడే అవసరం ఆమెకెప్పుడూ రాలేదు.

పీడ వదిలిన వారం కదా, ముక్కులను కూడా ఇత్తడి సామాన్లలా తోమి కొత్తగా బొట్టు పెడదామనుకుంది. చింతపండు పిసికి రుద్దింది. పాత పొర ఊడలేదు. వారం వారం రాసిన పసుపు ఇంజను వేడికి కాలి కాలి, గిన్నెకు అడుగంటిన పాలలా అట్టకట్టింది. చెంచా కొసతో గీకింది. పెచ్చు ఊడి అరచేతిలో పడింది. దాని కింద సూదిమొన అంత బెజ్జం, లోపలి దాకా ఎర్రగా కుంకుమ.

చెంచా చేతిలోనే ఉండిపోయింది. నిన్న కంబం కింద తాను చెప్పిన పాఠం మాటకు మాట చెవుల్లో మోగింది. నూనె ముల్లు గుర్తొచ్చింది. వంగి చూస్తే పొగగొట్టం అంచున వేలికి అంటుకునేంత మసి. ఇన్నాళ్లూ కనిపించలేదంటే, చూడలేదు కనుకే.

అయినా ఇంకా ఒక ఆశ, కాకపోవచ్చునేమో అని. గబగబా రెండు ముక్కులూ శుభ్రం చేసి, బండి తీసి ఊరంతా తిప్పుకొచ్చింది. వెళ్లేటప్పుడు రొప్పిన ఇంజను వచ్చేటప్పుడు మెత్తగా మాట్లాడింది. తిరిగి వీధి మలుపు తిరిగేసరికి కంబం పచ్చగా వెలుగుతోంది.

"పేరెత్తు సరైనది. నాలుగో అడ్డవీధికి అభినందనలు," అని కంబం గట్టిగా చెప్పింది.

చప్పట్లు వినిపించాయి. సన్యాసిరావు గేటు దాటి వచ్చాడు. "టీచరుగారి లెక్క ఇంక తప్పుతాదా! వాడెళ్లాడు, గాలి బాగయింది!"

ఆమె స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. తన మురికి కడుక్కున్న క్షణమే దేముడి మీద మురికి ముద్ర పడింది. దేముడి బండి పోయినందుకే గాలి బాగుపడిందని ఇప్పుడు యంత్రం సాక్ష్యం చెబుతోంది. ఆ సాక్ష్యాన్ని పుట్టించింది తన చింతపండే.

జగ్గారావుకు చెప్పింది. ఆయన లేచి వీధి తలుపు మూశాడు. "ఇప్పుడు నిన్నెవరైనా అడిగారా?" అన్నాడు.

"అడగరు. అదే కదా భయం."

మండలికి ఫోను చేసి చెప్పింది. అవతలి గొంతు మర్యాదగా విని, మర్యాదగానే తోసిపుచ్చింది. "మీ బండి ఏడాదిగా మీ వీధిలో అత్యంత శుభ్రమైనది. పొరుగువారి మీద జాలితో చేసే ఒప్పుకోళ్లను మండలి స్వీకరించదు. కంబం ఒప్పుకున్నదే రుజువు."

ముక్కు ఊడదీస్తే పట్టుకోవడానికి, తీగ తెంపితే పట్టుకోవడానికి, గ్రీజు పూసిన దొంగను పట్టుకోవడానికి మండలి మేధావులు అన్ని ఏర్పాట్లూ చేశారు. మొక్కుకుని మూసేవాళ్లుంటారని వాళ్లకు తోచలేదు.

శనివారం పొద్దున్నే భాగ్యవతి మళ్లీ పసుపు కలిపింది. వారం కాని వారం. ముందు ముక్కు బెజ్జంలోకి, వెనుక ముక్కు బెజ్జంలోకి పసుపు కూరి పైన కుంకుమ అద్దింది. ఈసారి దణ్ణం పెట్టలేదు.

ఇంజను ఆపకుండా కంబం కిందనుంచి అటూ ఇటూ నడపసాగింది. మొదట్లో ఏమీ కాలేదు. పసుపు ఆరాలి, ముక్కు మంచి గాలిని మరవాలి. జనం వాకిళ్లలోకి వచ్చి వింతగా చూస్తున్నారు. నెమ్మదిగా ఇంజను రొప్పడం మొదలుపెట్టింది. పొగగొట్టం నల్లగా దగ్గింది. కంబం ఎర్రబడింది. ఆమె గేటు మీద మాత్రం పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

బండి దిగి, పచ్చదీపాన్నీ ఎర్రకంబాన్నీ వేలితో చూపించింది. "దేముడి బండి దొడ్డిలో ఉంది. మరి ఈ పొగ ఎవరిది? ఇన్నాళ్లూ నాదే. ముక్కుకు బొట్టు పెట్టి పెట్టి నేనే దాని ఊపిరి మూసేశాను. నా బండి పేరు ఎత్తుతున్నాను. చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. సన్యాసిరావు కళ్లు చిన్నవి చేసి చూశాడు. "మొన్న ఆడి పేరు, ఇయ్యాల మీ పేరు. మీకూ ఆడికీ మధ్య ఏటి నడిసిందో!"

"ఏమీ నడవలేదు. నిజం చెబుతున్నాను."

"మొన్న కూడా నిజమే అన్నారు కదేటి?"

జగ్గారావు మొదట చెయ్యి ఎత్తాడు. తర్వాత నూకాలు. బండ్లు బిగుసుకుపోతాయన్న భయం పట్టుకున్నాక మిగతావి ఒక్కొక్కటీ లేచాయి. ఆమె మాట నమ్మి లేచిన చేతులు ఎన్నో ఆమెకు తెలియదు. లాగుడుబండి వచ్చి భాగ్యవతి బండిని తోలుకుపోయింది. కంబం పచ్చబడింది. సాయంత్రానికల్లా దేముడి బండిని విడిచిపెడుతున్నట్టు మండలి ప్రకటించింది.

ఆదివారం పొద్దున భాగ్యవతి కాఫీ గ్లాసుతో పిట్టగోడ దగ్గరకు వచ్చింది. అవతల దేముడు బండి చుట్టూ తిరుగుతూ ముక్కుగూడు, జల్లెడ, చక్రాలు, ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటున్నాడు. దొడ్డివాళ్లు ఏమైనా చేశారేమో అనుకుంది. అతను బండికి ఆమె పిట్టగోడ వైపునున్న పక్కనే ఎక్కువసేపు వంగి చూడటం గమనించాక అలా అనుకోలేకపోయింది.

"దేముడూ, తప్పు చేశాను. నువ్వు రమ్మన్నప్పుడు వచ్చి చూడాల్సింది," అంది.

"పర్లేదండి టీచరుగారూ. మీరు శ్రమ పడకండి," అన్నాడు దేముడు.

అప్పా అనలేదు. పదేళ్లలో అండి అన్నది అదే మొదటిసారి.

"కాఫీ," అంది ఆమె, గోడ మీదుగా గ్లాసు చాపి.

దేముడు గోడ దగ్గరకు వచ్చి గ్లాసు అందుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకునే ముందు, ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూశాడు.