టాబీ ఐలాండ్‌లో నీలం కప్పు

నీలం కప్పు కనిపించడం లేదు.

కప్పొక్కటే కాదు. పెద్ద పెద్ద శంఖాలు, అంచు పగిలిన గిన్నె, ముళ్ళు ఆగిపోయిన గడియారం, మందు సీసాలు. శ్మశానంలో సమాధుల మీద నూరేళ్ళకు పైగా ఉన్న వస్తువులన్నీ మాయమయ్యాయి. పొద్దున బోటు వచ్చినప్పుడు ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నరకి లేవు.

పిక్నిక్ టేబుళ్ళ దగ్గరికి వచ్చి ఈ సంగతి చెప్పింది రేంజర్ ఒడెసా. యాభై ఏళ్ళ నల్లజాతి మనిషి. పుట్టింది ఈ దీవి మీదే. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది అందరికీ.

టాబీ ఐలాండ్ జార్జియా తీరంలో చిన్న దీవి. కార్లు లేవు, షాపులు లేవు. అడవి గుర్రాలు తిరుగుతుంటాయి. ఒకప్పటి పత్తి దొర బంగళా గోడలు సగం కూలి నిలబడి ఉంటాయి. ఆ దొర బానిసలు విడుదలయ్యాక కట్టుకున్న చిన్న చర్చి, దాని వెనక వాళ్ళ శ్మశానం. రోజుకి ఒక్కటే బోటు. పొద్దున దింపుతుంది, సాయంత్రం పావుతక్కువ ఐదుకి ఎక్కించుకుంటుంది. ఆ రోజు నవంబర్ ఒకటి, శనివారం. దీవి మీదికి వచ్చింది ఒక్క గుంపే. ఆల్ఫరెటా నుంచి తెలుగు చర్చి వాళ్ళు, ముప్ఫై మంది.

అంటే దొంగ మనలోనే ఉన్నాడు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు. కానీ అందరూ ఒకరి బ్యాగ్ వంక ఒకరు చూసుకున్నారు.

"నేను చూసుకుంటాను," అని లేచాడు దైవాశీర్వాదం.

దైవాశీర్వాదం రిటైర్డ్ సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఊరు నరసాపురం. భార్య మణితో కూతురు ఎలీనా దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆయన్ని ఎవరూ ఏ విషయమూ అడగలేదు, టీవీ రిమోట్ ఎక్కడుందో తప్ప. ఇప్పుడొక కేసు దొరికింది. మీసం దానంతటదే పైకి లేచింది.

"మేడమ్, థర్టీ ఫోర్ ఇయర్స్ సర్వీస్," అన్నాడు ఒడెసాతో. "గివ్ మీ వన్ అవర్."

"డాడీ, ప్లీజ్," అంది ఎలీనా.

ఒడెసా ఆయన్ని ఒకసారి చూసింది. "సాయంత్రం బోట్‌లో పోలీసు వస్తున్నాడు, షెరీఫ్ డెప్యూటీ. ఈలోపు ఎవరైనా తెచ్చి పెట్టేస్తే నేను పేరు అడగను," అంది. ఎలీనా దాన్ని తెలుగులో అందరికీ చెప్పింది. చెబుతుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

దైవాశీర్వాదం చెట్టు కింద టేబుల్ దగ్గర సెటిలయ్యాడు. టేబుల్ కింద పేపర్ ప్లేట్లు, గరిటెలు తెచ్చిన సోనామసూరి బస్తా ఉంది. స్టేషన్‌లో స్టూల్ మీద పెట్టినట్టు దాని మీద కాలు పెట్టాడు. లోపల ఏదో కణకణమంది. సర్దుకుని మళ్ళీ గట్టిగా ఆనించాడు.

"ఏవండీ, ఏం పోయిందంటండీ?" అని దగ్గరికొచ్చింది మణి.

"నీకెందుకే? ఇదంతా ఇంగ్లీషులో జరుగుతోంది. నువ్వెళ్ళి కూర్చో."

"అది కాదండీ, నేనూ..."

"తర్వాత."

"పోనీ పిన్నీసన్నా ఉందా? వేలికి ముల్లు విరిగింది."

"కేసు నడుస్తుంటే పిన్నీసేంటే? ఆ చీర చూడు, అంచు నిండా ముళ్ళకాయలు. పదిమందిలోకి వచ్చేటప్పుడు కాస్త శుభ్రంగా ఉండలేవూ?"

మణి నోరు మూసుకుని చర్చి వైపు వెళ్ళిపోయింది. ముప్ఫై ఏడేళ్ళుగా ఆ పని ఆవిడకు బాగా అలవాటే.

ఎంక్వయిరీ మొదలైంది. పన్నెండు నుంచి రెండు దాకా ఎవరెక్కడ? చాలామంది బంగళా దగ్గర. పాస్టర్ మోజెస్ గారు పిల్లలతో గుర్రాల దగ్గర. అందరికీ పక్కన ఎవరో ఒకరున్నారు.

ఒక్కడికి తప్ప.

అఖిల్. ఇరవై తొమ్మిదేళ్ళు. ఎలీనాకి ఒకప్పటి ఆఫీస్ కొలీగ్. చర్చి మనిషి కాదు. ఒక్కడే ఉంటాడు, వీకెండ్ బోర్ కొడుతుందని ఎలీనా పిలిస్తే వచ్చాడు. మెడలో పెద్ద కెమెరా.

"పన్నెండు తర్వాత ఎక్కడున్నావు?"

"బీచ్‌లో అంకుల్. పెలికాన్స్ ఫోటోలు తీస్తున్నాను."

"ఒక్కడివే?"

"ఒక్కడినే."

"శ్మశానం వైపు వెళ్ళావా?"

"లేదంకుల్."

"ప్యాంట్ చూసుకో."

అఖిల్ కిందికి చూశాడు. మోకాళ్ళ దాకా ముళ్ళకాయలు అంటుకుని ఉన్నాయి.

"ఈ ముళ్ళగడ్డి శ్మశానం చుట్టూనే ఉంది, చూసి నడవండి అని రేంజర్ పొద్దున్నే చెప్పింది. బీచ్‌లో ఎక్కడిదయ్యా? అబద్ధమెందుకు చెప్పావు?"

అఖిల్ వంగి ముళ్ళకాయలు దులుపుకోబోయాడు.

"బ్యాగ్ తెరువు."

"డాడీ, ఆ రైట్ మీకు లేదు," అంది ఎలీనా.

అప్పటికే ఆయన బ్యాగ్ అందుకుని టేబుల్ మీద బోర్లించేశాడు. లెన్సులు, ఇన్‌హేలర్, ఒక జత సాక్సులు, సగం తిన్న మురుకుల ప్యాకెట్. చివర్లో దొర్లుకుంటూ ఒక శంఖం.

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు.

"బీచ్‌లో దొరికింది," అన్నాడు అఖిల్. ఎవరూ నమ్మలేదు. ఒడెసా శంఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మాదో కాదో చెప్పలేను. డెప్యూటీ తేలుస్తాడు," అని అతని డ్రైవింగ్ లైసెన్స్ అడిగి తీసుకుంది.

"రిపోర్ట్‌లో నా పేరు రాస్తారా?" అని అడిగాడు అఖిల్.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అన్నాడు దైవాశీర్వాదం.

"లేఆఫ్ అయింది అంకుల్." అఖిల్ తలెత్తలేదు. "సిక్స్టీ డేస్‌లో జాబ్ దొరక్కపోతే కంట్రీ వదిలి వెళ్ళిపోవాలి. వచ్చే వారంతో అయిపోతుంది. మొన్ననే ఒక ఆఫర్ వచ్చింది. సోమవారం బ్యాక్‌గ్రౌండ్ చెక్. ఇక్కడ ఫోన్ సిగ్నల్ శ్మశానం గేటు దగ్గరే వస్తోంది. పన్నెండు కాకముందే రిక్రూటర్‌తో మాట్లాడటానికి వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. దొంగతనం అని నా పేరు పక్కన పడితే ఆఫర్ పోతుంది అంకుల్. అన్నీ పోతాయి."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"సిగ్గేసింది."

బిర్యానీ ట్రే మీద ఎవరో చప్పుడు కాకుండా ఫాయిల్ మూశారు. నిన్నటిదాకా ఆ అబ్బాయికి సంబంధం చూస్తానన్న ఆంటీ తన చేతి గోళ్ళు చూసుకుంటోంది.

సి.ఐ. గారి బుర్ర మాత్రం ఆగలేదు. ఉద్యోగం లేదు, అంటే మోటివ్ దొరికింది. పాత వస్తువులకు ఆన్‌లైన్‌లో బేరం ఉంటుంది. ఛీ అనిపించే ఆలోచనే. కానీ అన్నీ కుదిరాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, తను ఇంకా స్పాట్ చూడలేదని. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు మరి.

శ్మశానంలో గాలికి ఆకులు కదలడం తప్ప ఇంకో చప్పుడు లేదు. గోడ అవతల ఒక గుర్రం గడ్డి మేస్తోంది. దైవాశీర్వాదం గేటు తీసి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

గడ్డి పీకి ఒక మూల కుప్ప పోసి ఉంది. ప్రతి రాయి దగ్గరా పసుపు పచ్చటి అడవి పూలు పెట్టి ఉన్నాయి. దొంగ కలుపు పీకుతాడా? దొంగ పూలు పెడతాడా?

తర్వాత నేల చూశాడు. ఇసుక మీద అరచందమామల్లాంటి గీతలు. ఒకదాని పక్కన ఒకటి, వరసగా, నేలంతా. పొడుగు కర్ర చీపురుతో నిలబడి ఊడిస్తే ఇలా పడవు. నడుం వంచి, చేతి చీపురుతో, వెనక్కి జరుగుతూ ఊడ్చిన చార ఇది. గోడ పక్కన చీపురు కూడా ఉంది. ఈత మట్టల్లాంటి ఆకులు చీల్చి, గుడ్డ పీలికతో కట్టింది.

ఈ చారలు ఆయనకు కొత్త కాదు. నరసాపురంలో రోజూ పొద్దున్నే తన వాకిట్లో ఉంటాయి. పేపర్ పట్టుకుని అరుగు మీద కూర్చున్నంతసేపూ కళ్ళెదుటే ఉంటాయి. ఆ తర్వాత బూట్లేసుకుని వాటి మీదుగానే డ్యూటీకి వెళ్ళేవాడు.

రేపు సమాధుల పండుగ. ఊళ్ళో అయితే ఈపాటికి మణి అత్తమామల సమాధులు కడిగి, సున్నం కొట్టించి, పూలు పెట్టి ఉండేది.

వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఈ చార ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు ఈ దీవి మీద ఎంతమంది? చెరిపేస్తే కేసు అఖిల్‌తో ఆగిపోతుంది. చెరపకపోతే, కూతురి ముందు, చర్చి ముందు, సి.ఐ. దైవాశీర్వాదం పెళ్ళాం సమాధుల మీద వస్తువులు దొంగిలించిన మనిషి అవుతుంది.

బూటు ఎత్తాడు. ఒక చార చెరిపాడు. ఇంకొకటి. సాక్ష్యం చెరిపినవాళ్ళని లాకప్‌లో ఎలా కొట్టేవాడో గుర్తొచ్చింది. అయినా మూడోది కూడా చెరిపాడు.

"అయ్యో, ఊడ్చిందంతా తొక్కేస్తున్నారేంటండీ?"

గేటు దగ్గర మణి. కుంటుకుంటూ వస్తోంది.

ఆయన కాలు అక్కడే ఉండిపోయింది. "నువ్వేనా?" అన్నాడు.

"ఇంకెవరు? మోకాలు నొప్పని నన్ను ఈ చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి మీరంతా బంగళా చూడ్డానికి పోయారా? చూస్తే సమాధుల మీద మోకాలెత్తు గడ్డి. పైన పగిలిన కప్పులు, సీసాలు. మన ఊళ్ళోలాగే తాగుబోతులు పడేసి పోయారనుకున్నాను. పండగ రేపు పెట్టుకుని, పాపం, ఎవరూ లేనివాళ్ళేమో అనిపించింది."

"అవన్నీ ఏం చేశావు?"

"బియ్యం బస్తాలో వేశాను. ఇక్కడ చెత్త పడేయకూడదు, మనతో తీసుకెళ్ళాలని అమ్మాయి చెప్పింది కదా. మీరు దాని మీదే కాలు పెట్టుకు కూర్చున్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పనిచ్చారేంటి?"

ఆయన భార్య చెయ్యి పట్టుకుని టేబుళ్ళ దగ్గరికి నడిపించుకొచ్చాడు. దారిలో ఒక్కసారి, ఒక్కసారే, ఎవరికీ చెప్పొద్దందామనుకున్నాడు. అనలేదు.

అందర్నీ పిలిచాడు. ఇంగ్లీషు వదిలేశాడు. "ఎలీనా, నేను చెప్పేది చెప్పినట్టు రేంజర్ గారికి చెప్పు. ఒక్క ముక్క కూడా వదలొద్దు," అన్నాడు.

చెప్పాడు. "ఇక్కడ దొంగతనం జరగలేదు. శుభ్రం చేశారు. చేసింది నా భార్య. పండగ ముందు మావాళ్ళ సమాధులకు చేసినట్టే చేసింది. ఎవరూ లేని సమాధులనుకుంది, వస్తువులు చెత్త అనుకుంది. ఆమె చీర అంచుకి కూడా అవే ముళ్ళకాయలున్నాయి. ఈ అబ్బాయి ప్యాంట్ మీద వాటిని సాక్ష్యం అన్నాను. ఆమె చీర మీదవి చూసి శుభ్రం లేదని తిట్టాను. ఆమె చార నాకు తెలుసు. తెలిశాక కాలితో చెరిపాను. మూడు చెరిపాను. అఖిల్ మీదికి పోనిద్దామనుకున్నాను."

ఎలీనా చివరి వాక్యం దగ్గర ఆగింది. తండ్రి వంక చూసింది. తర్వాత అది కూడా చెప్పింది.

మణి బస్తా మూతి విప్పింది. శంఖాలు, గిన్నె, గడియారం. ఒక్కొక్కటీ టేబుల్ మీద పెట్టింది. ఆఖర్న నీలం కప్పు. రెండు ముక్కలుగా వచ్చింది.

"నేను తీసినప్పుడు పిడి ఒక్కటే లేదండీ," అంది మణి కంగారుగా. "కప్పు బాగానే ఉంది."

దైవాశీర్వాదం ముక్కలు అందుకున్నాడు. పిడి విరిగిన చోట నల్లగా మట్టి పట్టి ఉంది. మధ్యలో పగులు తెల్లగా ఉంది. అది ఇవాల్టిది. కణకణమన్న చప్పుడు గుర్తొచ్చింది. సర్దుకుని మళ్ళీ గట్టిగా కాలు ఆనించడం గుర్తొచ్చింది.

"ఇది నా కాలి కింద విరిగింది," అన్నాడు.

ఒడెసా ఆ ముక్కలు తీసుకుంది. "మా ముత్తవ్వ ఆఖరిసారి నీళ్ళు తాగిన కప్పు," అంది. "మావాళ్ళు ఆఖరున వాడిన వస్తువులు వాళ్ళ మీదే పెడతాం. ఎవరూ లేని సమాధులు కావు అవి. నేనున్నాను."

ఎలీనా అది తెలుగులో చెప్పగానే మణి రెండు చేతులూ జోడించింది. "అయ్యో తల్లీ, తెలీక చేశానమ్మా," అని ఏడ్చేసింది. ముల్లు విరిగిన వేలు వాచి ఉంది.

ఒడెసా ఆ వేలు చూసింది. కోపం తగ్గలేదు, కానీ గొంతు మారింది. "మంచి మనసుతోనే చేశావు. నన్నొక్క మాట అడగాల్సింది," అంది. తర్వాత రేడియోలో డెప్యూటీని రావద్దంది. అఖిల్‌కి లైసెన్స్, శంఖం తిరిగిచ్చి, పేరు ఎక్కడా రాయలేదని చెప్పి, సారీ అంది. నిజానికి ఆమె చెప్పాల్సింది కాదు ఆ సారీ.

చెప్పాల్సినవాడు టేబుల్ దగ్గర నిలబడి అఖిల్ సాక్సులు మడతపెట్టి బ్యాగ్‌లో పెడుతున్నాడు.

"నన్ను క్షమించు బాబూ," అన్నాడు.

అఖిల్ ఆయన చేతిలోంచి ఇన్‌హేలర్ తీసుకున్నాడు. "వద్దంకుల్. నేను సర్దుకుంటాను," అన్నాడు. పర్లేదంకుల్ అనలేదు.

బోటు సమయానికే వచ్చింది. అఖిల్ చివరి వరసలో ఒక్కడే కూర్చున్నాడు. పోయిన ఉద్యోగం సంగతి ఇప్పుడు ముప్ఫై మందికీ తెలుసు. దాన్ని మళ్ళీ బ్యాగ్‌లో పెట్టి ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

దీవి వెనక్కి పోతోంది. మణి మెల్లగా అడిగింది. "ఏవండీ, ఆ అబ్బాయికి ఏమైంది? ఎందుకలా ఉన్నాడు?"

నీకెందుకే అని నోటిదాకా వచ్చింది. దైవాశీర్వాదం దాన్ని మింగేసి మొదట్నుంచీ చెప్పాడు. బ్యాగ్ బోర్లించడం, అందరి ముందూ ఉద్యోగం సంగతి చెప్పించడం, అన్నీ. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. తర్వాత చెబుదురుగాని అనలేదు.

అంతా విన్నాక మణి లేచింది. సీట్లు పట్టుకుంటూ, కుంటుకుంటూ చివరి వరస దాకా వెళ్ళి అఖిల్ పక్కన కూర్చుంది. ఒడ్డు చేరేదాకా తిరిగి రాలేదు.