రాతి రాకుమారి, పొట్టి పెట్ట

రత్నకూట రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. పెళ్లికి ఒప్పుకోలేదన్న కోపంతో కపాలుడనే రాక్షసుడు రాకుమారి హేమాంగిని రాతిబొమ్మగా మార్చేశాడు. నాగగిరి గుహలో ఉన్న వెలుగు గుడ్డును అక్కడే పొదిగించాలనీ, పిల్ల బయటపడి కూయగానే శాపం విడిపోతుందనీ ఒక ముని చెప్పాడు.

సేనాపతి గజకేతు పన్నెండు మేలుజాతి పెట్టలతో వెళ్లాడు. ఒళ్లు బలిసిన ఆ పెట్టల్లో ఒక్కటీ మూడు రోజులకు మించి గుడ్డు మీద కూర్చోలేదు. అతడు ఉత్త చేతులతో తిరిగొచ్చి, తప్పంతా గుడ్డుదేనన్నాడు.

రాజుగారి కోళ్లను మేపే నూకాలుకు ఒళ్లు మండింది. పొదుగుడు పెట్ట ఏదో తెలియనివాడు కూడా ఒక సేనాపతేనా! నేరుగా సభకు వెళ్లి, "నా పొట్టి పెట్ట గవ్వ ఆ గుడ్డును పొదుగుతుంది మహారాజా. కాపలాకి పెద్ద పుంజు భీముణ్ణి తీసుకెళ్తాను," అంది.

గజకేతు పకపకా నవ్వాడు. "పిడికెడు కూడా లేదు! ఆ పుంజు ఒక్క పోటు పొడిస్తే చస్తుంది."

"పొడవకుండా చూసుకోవడం నా పని. తమరు కోళ్ల సంగతి మాట్లాడకుంటేనే మంచిది దొరా."

రాజు సరేనన్నాడు. నూకాలు కోళ్లగంప నెత్తిన పెట్టుకుని ముళ్ల అడవి దాటింది, మొసళ్ల ఏరు దాటింది. గుహ వాకిట్లో కాపలా ఉన్న కపాలుడు గవ్వను చూసి మూతి విరిచాడు.

"ఇది కోడా, పిచ్చుకా? పొదగనీ, చూసి నవ్వుకుంటా."

"నవ్వుకో. అంతకన్నా నీకు పనేముంది?" అంది నూకాలు, గంప దించుతూ.

మొదటి రోజే భీముడు గవ్వను గింజల దగ్గరికి రానీయక, నెత్తురు కారేలా పొడిచాడు. నూకాలు గుడ్డు చుట్టూ రాళ్లు పేర్చి, గవ్వ మాత్రమే దూరగలిగే సందు వదిలింది. దాని గింజలు లోపల పోసింది. భీముడి గింజలు దూరంగా ఒక బండ మీద చల్లింది. నాలుగు రోజులకు పుంజు పొగరు దిగింది. ఆపైన ఆ రాళ్ల గూటి దగ్గరికి బల్లిని కూడా రానీయలేదు.

ఇరవై ఒకటో రోజు గుడ్డు చిట్లింది. కపాలుడి నవ్వు ఆరిపోయింది. గూటిని తన్నబోయాడు. భీముడు ఎగిరి కాలి ముళ్లతో వాడి కళ్ల మీద కొట్టాడు. రాక్షసుడు విసిరికొడితే రెక్క విరిగినా లేచి మళ్లీ ఎగిరాడు. ఇంత జరుగుతున్నా గవ్వ గుడ్డు మీంచి కదల్లేదు. అంతలో గూట్లోంచి కీచుమని పిల్ల కూత వినబడింది. శాపం విడిపోయిన ఆ క్షణమే కపాలుడు బూడిదై రాలిపోయాడు.

నూకాలు తిరిగొచ్చేసరికి రాకుమారి కోట వాకిట ఎదురుచూస్తోంది. రాజు సంతోషం పట్టలేక నూకాలుకు తన మేనల్లుడితో పెళ్లి చేస్తానన్నాడు. కోళ్ల వాసనకు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్న ఆ మేనల్లుణ్ణి నూకాలు ఎగాదిగా చూసింది.

"కోళ్లనైతే సాకగలను మహారాజా. ఈయన్ని సాకడం నావల్ల కాదు."

రాకుమారి పడీపడీ నవ్వింది. రాజు నూకాలుకు నాగగిరి సీమను రాసిచ్చాడు. ముప్పై ఏళ్లు ఆమె దాన్ని చల్లగా ఏలింది. హేమాంగి ఏటా వెళ్లి ఆమె దగ్గర నెల్లాళ్లుండేది. వెనక్కి రమ్మని తండ్రి పల్లకీ పంపినా ఎక్కనని పేచీ పెట్టేది.