సంతకం సరిపోలని సర్వర్

ఉదయం తొమ్మిదింటికి వాటర్ వర్క్స్ మెట్ల మీద సిస్టమ్ ఇంజనీర్ శవం దొరికింది. మెడ విరిచేశారు.

పదింటికి ఇంటెలిజెన్స్ చీఫ్ తన ఏజెంట్‌కి బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"విదేశీ ముఠా కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లోకి చొరబడింది. సరిగ్గా పన్నెండుకి క్లోరిన్ వాల్వులు పూర్తిగా తెరుచుకుంటాయి. చేత్తో మూద్దామంటే వాల్వుల గది తాళం కూడా ఆ కంప్యూటర్ చేతిలోనే ఉంది. ఈ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చెయ్యి, వాళ్ళ దారి మూసుకుపోతుంది. అక్కడి కెమిస్ట్ మన మనిషే, కంప్యూటరంటే మాత్రం భయమని ఫైల్లో ఉంది."

"మన మనిషని ఎవరన్నారు సార్?"

చీఫ్ నిట్టూర్చాడు. అనుమానం పెనుభూతం అంటారు. డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏజెంట్‌ని పిలిచేదే పెనుభూతం అని.

ఆ నీళ్ళు తాగే వీధిలోనే అతని అక్క కాపురం. ఫోన్ చేసి చెప్పే వీల్లేదు.

పదకొండుంపావుకి ఏసీ మెకానిక్ వేషంలో లోపలికెళ్ళాడు. స్క్రూడ్రైవర్ పిడిలో పెన్ డ్రైవ్. ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న కెమిస్ట్ ఎదురొచ్చింది. ఒకసారి చూస్తే చూపు తిప్పుకోలేని అందం.

"గాలి వస్తోందా?"

"వస్తోంది, చల్లదనమే లేదు."

కోడ్ సరిపోయింది. అతను కీబోర్డ్ ముందు కూర్చుని కమాండ్ కొట్టాడు.

'కమాండ్ నాట్ ఫౌండ్.'

హెడ్‌క్వార్టర్స్‌లో నేర్పింది ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. ఇక్కడున్నది ఫెడోరా. రెండూ లినక్స్ ఇంటి అన్నదమ్ములే, కానీ ఒకరి మాట ఒకరికి పట్టదు. పెన్ డ్రైవ్‌లో తెచ్చిన ప్రోగ్రామ్‌ని మెషీన్ కన్నెత్తి చూడలేదు. పోనీ దాని సోర్స్ కోడ్ నుంచి తయారు చేద్దామంటే, కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ లేదు. పదకొండు నలభై.

"నాకో సర్వర్ అడ్రస్ తెలుసు. కంపైలర్ అందులోంచి దించుకోండి," అందామె మెత్తగా.

ఆమె చెప్పినట్టే టైప్ చేశాడు. తెర మీద ప్రశ్న వచ్చింది: 'ఈ సర్వర్ డిజిటల్ సంతకం సరిపోలలేదు. అయినా నమ్మాలా?'

"అవునని కొట్టేయండి. అందరూ అదే కొడతారు."

వేలు ఆగింది. కంప్యూటరంటే భయమని ఫైల్లో రాయించుకున్న మనిషికి సర్వర్ అడ్రస్ నోటికెలా వచ్చింది? పైగా ఇందాకట్నుంచీ ఇంజనీర్ టేబుల్ సొరుగుకి ఆనుకునే నిలబడి ఉంది.

'కాదు' నొక్కాడు.

"కాస్త పక్కకి జరుగుతారా?"

ఆమె జరగలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. అతను దానికోసమే కాచుకుని ఉన్నాడు. చక్రాల కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. అది మోకాళ్ళకి తగిలి ఆమె పడింది, పిస్టల్ ఎగిరి మూలకి పోయింది. మరుక్షణం ఆమె స్కార్ఫ్‌తోనే చేతుల్ని కిటికీ ఊచకి కట్టేశాడు.

సొరుగులో ఆ మెషీన్ అసలు ఇన్‌స్టాలేషన్ డిస్క్ ఉంది. దాని మీద చనిపోయిన ఇంజనీర్ చేతిరాత: 'ఎవరికీ ఇవ్వకూడదు.'

"క్షమించండి పెద్దాయనా," అని గొణిగి డిస్క్ పెట్టాడు.

కంపైలర్ ఎక్కింది. వెంటనే తనకి తోడుండాల్సిన ఏదో లైబ్రరీ ఫైలు లేదంది. అదీ ఎక్కించాడు. ఇంకోటి లేదంది. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. చివరికి ప్రోగ్రామ్ తయారవడం మొదలైంది. పదకొండు యాభై తొమ్మిది. తొంభై శాతం... తొంభై ఎనిమిది...

గోడ గడియారం పన్నెండు కొట్టబోయే క్షణంలో వాల్వుల లైట్లు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారాయి.

చీఫ్ ఫోన్ చేశాడు. "అయిందా?"

"అయింది సార్. ఇప్పుడేదో కొత్త అప్‌డేట్ వచ్చిందట. ఎక్కించమంటావా అని మెషీన్ అడుగుతోంది."

"ఏం చేద్దామంటావ్?"

"ఎవరూ 'అవును' కొట్టకుండా కీబోర్డ్ దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళని కాపలా పెట్టండి సార్."