పదకొండో బోల్టు

పిల్లలూ, కారెక్కగానే నేను అద్దం రెండు వేళ్ళంత దించుతానని, చలైనా వానైనా మీ మాట వినిపించుకోనని మీకెప్పుడూ నా మీద సణుగుడే. అమ్మది చాదస్తం అంటూ మీ నాన్న కూడా మీ వైపే చేరతారు. ఆయనకీ ఈ సంగతి సగమే తెలుసు. పెద్దోడా, నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు కానీ నీకు గుర్తుండే వయసు కాదు. చిన్నీ, నువ్వప్పటికి పుట్టలేదు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పని పనొచ్చింది. కాస్త కుదురుగా వినండి.

మీ మామయ్య షెడ్డులో పాత కార్లు బాగవుతాయని మీకు తెలుసు. అప్పట్లో ఎవరిదో చాలా పాత కారొకటి వచ్చింది. పొడుగాటి ముక్కు, బరువైన తలుపులు, ముసలి తోలు వాసన కొట్టే సీట్లు. ఏళ్ళ తరబడి ఎక్కడో మూసేసి ఉంచారట. ఇంజన్ విప్పి, కడిగి, మళ్ళీ కూర్చి, చివరికి హెడ్ బిగించే దాకా వచ్చాడు అన్నయ్య. అప్పుడే భుజం పట్టేసింది. నన్ను పిలిచాడు.

హెడ్ అంటే ఇంజన్‌కి మూత లాంటి ఇనుప దిమ్మ. లోపలి గాలి బయటికి పోకుండా దాన్ని బోల్టులతో బిగించాలి. ఆ కారుకి పది బోల్టులు. ఇష్టమొచ్చినట్టు తిప్పితే దిమ్మ వంకరపోతుంది. నడిమి దానితో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా చివరలకి రావాలి. అదీ ఒక్క ఊపులో కాదు, మూడు విడతల్లో. విప్పాలంటే అంతా తిరగేయాలి, ఆఖర్న బిగించింది ముందు విప్పాలి.

మీ తాతయ్య పెట్టిన పద్ధతి ఇంకొకటుంది. ఒకరు పిలవాలి, ఒకరు లాగాలి. పిలిచేవాళ్ళు వెనక నిలబడి, గోడ మీద సుద్దతో గీసుకున్న బొమ్మ చూసి నంబరు చెబుతారు. లాగేవాళ్ళు బోల్టు మీంచి చూపు తిప్పకూడదు. బోల్టు సరిపడా బిగిసి రెంచి టిక్కుమనగానే వెనకాల మనిషి "ఊఁ" అనాలి. ఆ ఊఁ వినిపిస్తేనే తర్వాతి దానికి వెళ్ళడం. పిలవందే లాగకూడదు. మేం నడక నేర్చింది ఆ షెడ్డులోనే కాబట్టి, మాకది అన్నం తిన్నంత అలవాటు.

"నా చేతికి కోపమెక్కువే చెల్లీ, బోల్టు పుటుక్కుమంటుంది. నీకా బాధ లేదు, నీ కోపమంతా నోట్లోనే" అన్నాడు అన్నయ్య, రెంచి నా చేతికిస్తూ. వదిన ఇంట్లోంచి విని, ఆ మాట నిజమేనని ఒప్పుకుంది.

మధ్యాహ్నమే కానీ మబ్బు కమ్మి షెడ్డంతా చీకటిగా ఉంది. ఇంజన్ మీద వేలాడదీసిన బల్బు వెలుగు తప్ప ఏమీ లేదు. పెద్దోడు నేల మీద ఉంటే మేకులేరుకుంటాడని ఆ కారు వెనక సీట్లోనే కూర్చోబెట్టి తలుపు వేశాను. జల్లు పడుతుందని అద్దాలూ ఎక్కించాను. ఓ చెక్క చెంచా ఇస్తే దాంతో సీటుని కొట్టుకుంటూ వాడి లోకంలో వాడున్నాడు.

రెండు విడతలు చక్కగా అయిపోయాయి. మూడోది మొదలుపెట్టేసరికి వాన దబదబా దిగింది. రేకుల కప్పు మీద ఆ మోతకి మన మాట మనకే వినపడదు. అన్నయ్య గొంతు చించుకుని పిలుస్తున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. వెనక నుంచి ఇంకా ఏదో అన్నట్టు లీలగా అనిపించింది కానీ అది నంబరు కాదు కాబట్టి పట్టించుకోలేదు.

"అయిదు."

లాగాను. టిక్.

"ఊఁ."

"ఆరు."

చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. ఏడు, ఎనిమిది. గ్రీజు వాసన, కిరసనాయిలు వాసన, తడిసిన ఇనుము వాసన. వాటి కింద నుంచి ఇంకో వాసన పైకొచ్చింది. చాలా కాలం తెరవని గదిలో ఎవరో నిద్రపోయి లేచినట్టు... తొమ్మిది దగ్గర నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఎందుకో తెలియలేదు. పది లాగాక తెలిసింది.

అంత వానలో అన్నయ్య అరవడం లేదు. గుసగుసలాడుతున్నాడు. అయినా ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది.

"పదకొండు."

పది బోల్టులే కదా అని బుద్ధి అంటూనే ఉంది. చెయ్యి ఆగలేదు. వెలుగు పడని మూలకి, హెడ్ వెనక్కి వెళ్ళింది. రెంచి మూతి దేని మీదో చక్కగా కూర్చుంది. లాగాను...

టిక్.

"ఊఁ."

అప్పుడు చెంచా చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి తిరిగాను. సుద్ద బొమ్మ ఉంది. దాని ముందు ఎవరూ లేరు. ఇంటి వైపు తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు, ఒళ్ళంతా తడిసి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ. వెనక కిటికీలోంచి నీళ్ళొస్తున్నాయని వదిన కేకేస్తే వెళ్ళాడట. నాలుగు దగ్గర ఆగమని చెప్పే వెళ్ళాడట.

నేను కారు తలుపు దగ్గరికి పరుగెత్తాను. పిడి తిరిగింది. తలుపు రాలేదు. అటు తలుపూ రాలేదు. ముందువీ రాలేదు. వాటికి తాళాలే లేవు. పెద్దోడు అద్దానికి రెండు చేతులూ ఆనించి నన్ను చూస్తున్నాడు. నోరు తెరిచి ఏడుస్తున్నాడు. ఏడుపు మాత్రం బయటికి రావడం లేదు. ఊపిరికి అద్దం మసకబారుతోంది. అన్నయ్య సుత్తి తీసుకుని ముందు అద్దం మీద, పెద్దోడికి దూరంగా, మంచి భుజంతో కొట్టాడు. మెత్తటి మట్టిని కొట్టినట్టు చప్పుడు. గీత కూడా పడలేదు.

కారంతా గాలి చొరకుండా బిగించాను. నా చేత్తోనే.

అన్నయ్యకి చెప్పాను. తను అడగాల్సిందే అడిగాడు, ఆఖర్న బిగించింది ఏదని.

"పదకొండు."

"పదకొండు లేదు, చెల్లీ."

"నా చేతికి తగిలింది, అన్నయ్యా."

మూలకి చెయ్యి పెట్టి తడిమాను. నున్నటి ఇనుము. ఏమీ లేదు. మళ్ళీ తడిమాను. వెనక నుంచి అన్నయ్య పదకొండు అని అరిచాడు. ఏమీ లేదు. కారులో పెద్దోడు కూర్చుండిపోయాడు. వాడి ఊపిరి మచ్చ అద్దం మీద చిన్నదవుతోంది... చిన్నదవుతోంది...

"అరవకు" అన్నాను. "మెల్లగా పిలువు. గుసగుసగా."

అన్నయ్య నా చెవి పక్కకి వంగాడు. పిలిచాడు. వాడి గొంతుతో పాటే రెండో చెవి పక్కన ఇంకో గొంతు. అదీ అన్నయ్యదే.

రెంచి మూతి కూర్చుంది.

విప్పే వైపు తిప్పాను. ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు నిట్టూర్పొకటి వినిపించింది. వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది. పెద్దోణ్ణి లాక్కుని గుండెకి హత్తుకున్నాను. దగ్గాడు. ఏడ్చాడు. ఆ ఏడుపు వినిపించింది. అంతే చాలనుకున్నాను.

అన్నయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. ముందు సీటు వైపు చూడమన్నాడు. డ్రైవరు పక్క అద్దం మీద లోపలి నుంచి ఇంకో మచ్చ ఉంది. పెద్ద మనిషి ఊపిరంత. వస్తోంది, ఆరుతోంది... వస్తోంది, ఆరుతోంది... మేం చూస్తుండగానే ఆరింది. మళ్ళీ రాలేదు.

బయటికి పోవడానికి తెరిచి ఉన్న తలుపు మా పక్కదొక్కటే.

ఆ కారు ఇప్పుడు బాగా నడుస్తోందట. అందులో ఎవరికీ ఏమీ వినబడలేదట. షెడ్డులోనూ అంతే. అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా నేను అడిగేది అదొక్కటే. అక్కడ ఏమీ లేదనే చెబుతాడు. ఆ మాట వింటే నాకు ధైర్యం రాదు. ఇంకా దిగులే వేస్తుంది. మేం ఇంత దూరం వచ్చి పడ్డాం, మీరిక్కడే పెరుగుతున్నారు, చిన్నీకైతే తెలుగు అంకెలు సరిగ్గా రావు కూడా.

మొన్న బడి నుంచి వస్తుంటే చిన్నీ వెనక సీట్లో నిద్రపోయింది. నిద్రలోనే మెల్లగా లెక్కపెట్టింది. తెలుగులో. ఒకటి నుంచి పది దాకా, ఒక్కో అంకెకీ మధ్య ఆగుతూ. పది అన్నాక చాలాసేపు ఆగింది. చెవి ఒగ్గి వింటున్నట్టు.

నేను నోరు తెరవలేదు.

రేపు మీకు పిల్లలు పుడతారు. వాళ్ళకి ఈ కథ చెప్పండి, వాళ్ళ పిల్లలకి చెప్పమనండి. నిద్రలో ఎవరైనా అలా లెక్కపెట్టి ఆగితే, తర్వాతిది మీరు అందించొద్దు. "ఊఁ" అని కూడా అనొద్దు.